పెద్ద బడి వాటా

2022 జూన్. కరోనా వల్ల రెండేళ్ళు మూతపడుతూ తెరుచుకుంటూ వచ్చిన బడులు మళ్ళీ మామూలుగా గంట కొట్టిన ఏడాది అది. తార్నాకలో మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో, ఒక మందుల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. ఒక విద్యా సొసైటీకి నేను ఇంటర్నల్ ఆడిటర్‌ని. ఏడాది చివర బయటి ఆడిటర్లు రాకముందే, సంస్థ లోపలే ఉండి లెక్కలు చూసి, తేడా కనిపిస్తే చెప్పడం నా పని. చాలామందికి ఈ ఉద్యోగం మీద రెండే అభిప్రాయాలుంటాయి. దొంగల్ని పట్టుకుంటామని కొందరు, టీ తాగి సంతకం పెట్టి పోతామని కొందరు అనుకుంటారు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను పట్టుకున్న దొంగలు చాలా తక్కువ. టీలు మాత్రం చాలానే తాగాను.

మా సొసైటీ కింద ఐదు హైస్కూళ్ళున్నాయి. అన్నీ ఎయిడెడ్ బడులు. అంటే టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. భవనం, కరెంటు, మరమ్మతులు, ప్రభుత్వం మంజూరు చేయని పోస్టులు సొసైటీ చూసుకోవాలి. పిల్లల దగ్గర తీసుకునే ఫీజు నామమాత్రం. దాతలిచ్చేది, అద్దెలకిచ్చిన నాలుగు దుకాణాల మీద వచ్చేది కలిపి నడుపుకోవాలి. ఐదు బడుల్లో అన్నిటికన్నా పెద్దది యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంది. ఒకప్పుడు క్యాంపస్ ఉద్యోగుల పిల్లల కోసం పెట్టారు, తర్వాత చుట్టుపక్కల వాళ్ళంతా చేరారు. మిగతావి తార్నాక, లాలాపేట్, మల్కాజ్‌గిరి, అంబర్‌పేట్‌లలో ఉన్నాయి. అన్నిటికన్నా చిన్నది అంబర్‌పేట్ బడి.

బడులు తెరిచిన వారానికి మా కరస్పాండెంట్ సుధాకర్ రావు గారు నన్ను పిలిచారు. ఎయిడెడ్ బడుల్లో యాజమాన్యం తరఫున ప్రభుత్వానికి జవాబుదారీగా ఉండే మనిషిని కరస్పాండెంట్ అంటారు. ఈయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరై, జీతం లేకుండా ఈ పని చేస్తున్నారు. మంచి మనిషి. కాకపోతే ఏ విషయమైనా త్వరగా తేలిపోవాలంటారు.

"మేడం, అంబర్‌పేట్ ఏటేటా లాస్‌లనే ఉన్నది. ఇంకెన్నేండ్లు మోస్తం? దాన్ని తార్నాక బడిల కలుపుదామనుకుంటున్న. ఆగస్టుల కమిటీ మీటింగున్నది. మీరొక నోట్ తయారు చెయ్యుండ్రి."

"కలపాలని రాయమంటారా, పరిశీలించి రాయమంటారా సార్?"

ఆయన నవ్వారు. "పరిశీలించే రాయుండ్రి. పరిశీలిస్తే గూడ అదే వస్తది."

నాకూ అలాగే అనిపించింది. ఏడాదికేడాది ఆ బడి ఖర్చు రాబడిని మించిపోతున్న మాట నిజం. నోట్ రాసేముందు ఒకసారి చూసి రావడం పద్ధతి కాబట్టి మర్నాడు అంబర్‌పేట్ వెళ్ళాను.

కూరగాయల మార్కెట్ దాటి, ఆటోలు ఎదురెదురుగా వస్తే ఏదో ఒకటి వెనక్కి వెళ్ళాల్సిన సందులో ఉంది ఆ బడి. పాత భవనమే గానీ గోడలకు కొత్తగా సున్నం వేశారు. వరండా కడిగిన తడి ఇంకా ఆరలేదు. హెడ్మాస్టరు నర్సింహ సార్ లెక్కల టీచరు కూడా. నేను వెళ్ళేసరికి తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతున్నారు. పాఠం అయ్యేదాకా బయటే నిలబడ్డాను. పిల్లల్లో ఎక్కువమంది తల్లిదండ్రులు మార్కెట్లో, భవనాల పనుల్లో ఉన్నవాళ్ళు. ఆడపిల్లలే ఎక్కువ. మగపిల్లల్ని అప్పోసప్పో చేసి ఇంగ్లిషు మీడియం ప్రైవేటు బడికి పంపి, ఆడపిల్లల్ని ఇక్కడ వేసిన ఇళ్ళు చాలా ఉన్నాయని తర్వాత తెలిసింది.

పాఠం ముగించి వచ్చి, నర్సింహ సార్ నేను అడక్కముందే చెప్పారు. "ఎందుకొచ్చిన్రో నాకు తెలుసు మేడం. ఇంకా దేంట్ల తగ్గించాల్నో మీరే చెప్పుండ్రి. పోయినేడు గేటుకు రంగు గూడ మా పాత స్టూడెంట్లు ఏసిపోయిన్రు. సున్నం ఖర్చు మా టీచర్లది."

"తార్నాక బడిలో కలిపితే పిల్లలు వస్తారా సార్?"

"మగపోరలు కొందరొస్తరు. ఆడపిల్లలను పంపరు మేడం. రెండు బస్సులు మారాల. పొద్దుగాల తల్లులు మార్కెట్ల ఉంటరు, ఎవరు దిగవెడ్తరు? పదో తరగతి ముంగటనే చదువు బందయితది." ఆయన గొంతు పెంచలేదు. ఎన్నోసార్లు ఎందరికో చెప్పి అలిసిపోయిన మనిషిలా చెప్పారు.

ఆఫీసుకు తిరిగొచ్చి ఆ బడి ఖర్చులు మళ్ళీ చూశాను. సార్ చెప్పినట్టే సొంత ఖర్చులో తగ్గించడానికేమీ లేదు. పెద్ద ఖర్చు వేరే ఉంది. దాన్ని మేము కామన్ పూల్ అంటాం. ఐదు బడులకూ కలిపి పెట్టుకున్న సౌకర్యాల ఖర్చు అది. ఇద్దరు కంప్యూటర్ టీచర్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఒక ఫిజియోథెరపిస్టు, మా ఆఫీసు సిబ్బంది, భవనాల ఇన్సూరెన్సు, ఆఖరికి నా జీతం కూడా అందులోదే. ఆ మొత్తాన్ని ఐదు భాగాలు చేసి, బడికొకటి చొప్పున వేస్తున్నారు. ఐదు బడులూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్న రోజుల్లో పెట్టుకున్న పద్ధతి. అప్పటికది న్యాయమే. తర్వాత క్యాంపస్ బడి పెరిగి మా మొత్తం పిల్లల్లో దాదాపు సగం మంది అక్కడే చేరారు. అంబర్‌పేట్ చిక్కిపోయింది. వాటాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఇందులో ఎవరూ దాచిందేమీ లేదు. ప్రతి ఏడాదీ అందరి కళ్ళముందూ ఉన్నదే. కాస్ట్ ఎలొకేషన్, అంటే ఉమ్మడి ఖర్చును ఎవరెవరి మీద ఎంతెంత వేయాలో నిర్ణయించే పద్ధతి, ఒకసారి కుదిరాక ఇంటి దూలంలాంటిది. దాని కిందే తిరుగుతుంటాం, తలెత్తి చూడం. పిల్లల సంఖ్యను బట్టి వాటాలు వేసి చూశాను. అంబర్‌పేట్ నష్టం మాయమైంది. లాలాపేట్‌కు బాగానే తగ్గింది, తార్నాక, మల్కాజ్‌గిరిలకు కొద్దిగా తగ్గింది. బరువంతా వెళ్ళి క్యాంపస్ బడి మీద పడింది. దాని వాటా రెండింతలు దాటింది.

క్యాంపస్ బడి హెడ్మిస్ట్రెస్ పేరు ఎస్తేరు. అందరూ ఎస్తేరు మేడం అంటారు. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, క్యాంపస్ హాస్టల్లో ఉండి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, అదే క్యాంపస్ బడిలో టీచరుగా చేరి హెడ్డు అయ్యారు. ఆవిడ బడిలో సైన్స్ ల్యాబ్ లేదు. ఒక బీరువా, అందులో పగిలినవి పోగా మిగిలిన గాజు సామాను ఉండేవి. ల్యాబ్ కట్టించాలని ఆవిడ ఏళ్ళుగా కూడబెడుతున్నారు. తల్లిదండ్రులు కొంత ఇచ్చారు, బడి మిగులు కొంత చేరింది. ఆ ఏడాది దసరా సెలవుల్లో పని మొదలుపెట్టాలని గది కొలతలు కూడా తీయించారు. నా కొత్త లెక్క నిజమైతే ఆ మిగులు ఉండదు. ల్యాబ్ ఆగిపోతుంది.

ఆడిట్‌లో ఒక మర్యాద ఉంది. ఎవరి మీద ప్రభావం పడుతుందో వాళ్ళకు ముందుగా డ్రాఫ్ట్ చూపించి, వాళ్ళ జవాబు తీసుకున్నాకే పై వాళ్ళకు ఇవ్వాలి. అందుకని జులై మొదట్లో ఒక మధ్యాహ్నం క్యాంపస్‌కు వెళ్ళాను. వాన వెలిసింది. రోడ్డు మీద రాలిన తురాయి పూలు బురదలో అతుక్కుని ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు బస్టాపు బెంచీ మీద, గట్ల మీద, ఎక్కడ పొడిగా ఉంటే అక్కడ పుస్తకాలతో కూర్చున్నారు.

ఎస్తేరు మేడం నోట్ మొత్తం చదివారు. చదివి మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళారు.

"ఇది ఎన్నేండ్ల సంది ఇట్లనే ఉన్నది?"

"చాలా ఏళ్ళుగా మేడం. మీరు హెడ్డు కాకముందు నుంచే."

"అంటే అంబర్‌పేట్ బడి లాస్ అంతా ఈ వాటాతోనే అయితున్నదంటరు."

"దాదాపు అంతా."

కిటికీలోంచి బయటికి చూశారు. ల్యాబ్ కోసం కొలిచిన గది ఎదురుగానే ఉంది. ఇలాంటప్పుడు ఎదుటివాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. లెక్కలో లోపం వెతుకుతారు, లేకపోతే నన్నెవరు పంపారో అడుగుతారు. ఆవిడ రెండూ చేయలేదు.

"జవాబుకు ఎన్ని రోజులిస్తరు?"

"మామూలుగా పది రోజులు."

"పది రోజులు నాకు కావాలె. ఒక్క రోజు గూడ తగ్గించొద్దు."

లేచి గేటు దాకా వచ్చి సాగనంపారు గానీ ముఖంలో నవ్వు లేదు. పెద్ద అభ్యంతరమే వస్తుందని సిద్ధపడి, నా కాగితాలు మళ్ళీ సరిచూసుకున్నాను.

నాలుగైదు రోజుల తర్వాత నర్సింహ సార్ ఫోన్ చేశారు. "మేడం, క్యాంపస్ ఎస్తేరు మేడం మా బడికొచ్చిన్రు. మీరు పంపిన్రా?"

"లేదు సార్. ఎందుకొచ్చారు?"

"బస్సుల వచ్చిన్రు, ఒక్కలే. ఏడో తరగతిల కూసుంటానన్నరు. కూసున్నరు, కొంచెంసేపైనంక మా సైన్స్ టీచర్నడిగి పాఠం చెప్పిన్రు. పసుపు కాగితానికి సున్నం రాసి ఎర్రగ చేసిన్రు, నిమ్మకాయ పిండి మళ్ళ పచ్చగ చేసిన్రు. పోరలు ఇడుస్తలేరు, ఇంకొకటి చెయ్యుండ్రి మేడం అని."

ఆ రోజు అక్కడ జరిగిన ఇంకో సంగతి నాకు తర్వాత ఎస్తేరు మేడమే చెప్పారు. మధ్యాహ్నం భోజనం వేళ ఒక తల్లి, తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని చంక కింద చెయ్యి వేసి ఆనించుకుని బాత్రూముకు తీసుకెళ్తోంది. ఆ పిల్లకు పుట్టుకతోనే కాళ్ళలో పట్టు లేదు. తల్లి మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. రోజూ ఆ వేళకు దుకాణం పక్కవాళ్ళకు అప్పజెప్పి వచ్చి పోతుంది.

"ఫిజియోథెరపీ మేడం వస్తదిగదా, ఎక్సర్‌సైజులు చేపిస్తలేదా?" అని మేడం అడిగారట.

"యాడొస్తదమ్మా. రెండు నెల్లకొకపారి వస్తె వచ్చినట్టు. ఆమె పెద్ద బడిలనే ఉంటదంట గదా" అందట ఆ తల్లి.

ఆ పెద్ద బడి తనదేనని మేడం ఆమెతో చెప్పలేదు. ఫిజియోథెరపిస్టు స్వప్నకు ఐదు బడులూ తిరగమని ఆర్డరు. కానీ సామాను పెట్టుకోవడానికి గది క్యాంపస్‌లోనే ఉంది, క్యాంపస్‌లో అడిగే తల్లిదండ్రులు ఎక్కువ. అందుకని వారంలో ఎక్కువ రోజులు అక్కడే గడిచిపోయేవి. తిరిగి వెళ్ళిన సాయంత్రమే ఎస్తేరు మేడం స్వప్నను పిలిచి, మంగళ శుక్రవారాలు అంబర్‌పేట్‌కు వెళ్ళమన్నారు. కమిటీని అడగలేదు. నా నోట్ ఏమవుతుందో తేలేదాకా ఆగలేదు. క్యాంపస్ తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు వచ్చి గొడవ చేస్తే, తానే వాళ్ళ పిల్లల వేళలు మార్చి సర్దారు.

పదో రోజు ఆవిడ జవాబు నా బల్ల మీదికి వచ్చింది. ఒకే వాక్యం. "ఆడిట్ పరిశీలనతో ఏకీభవిస్తున్నాను, మా పాఠశాల వాటాను విద్యార్థుల సంఖ్య ప్రకారం నిర్ణయించవచ్చు." కింద సంతకం. ఇన్నేళ్ళలో నేను రాసిన అభ్యంతరాలకు పేజీల కొద్దీ వివరణలు చదివాను. తన బడి ఖర్చు పెంచమని ఒక హెడ్డు రాసిచ్చిన కాగితం మాత్రం అదే మొదటిసారి చూడటం.

ఆగస్టు కమిటీ మీటింగు క్యాంపస్ బడి స్టాఫ్‌రూములో జరిగింది. కరస్పాండెంట్, ఐదుగురు హెడ్డులు, సొసైటీ సభ్యులు ఇద్దరు, క్యాంపస్ బడి తల్లిదండ్రుల తరఫున ప్రొఫెసర్ రఘునాథ్ గారు వచ్చారు. ఆయనది మా రాయలసీమే, కడప జిల్లా. ఆయన కూతురు అక్కడ ఎనిమిదో తరగతి. ల్యాబ్ కోసం తల్లిదండ్రుల చుట్టూ తిరిగి విరాళాలు పోగుచేసింది ఆయనే.

నేను చెప్పాల్సింది చెప్పాను. సుధాకర్ రావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంటే లాస్ అంబర్‌పేట్‌ది కాదంటరు."

"మనం వేసిన వాటాది సార్."

రఘునాథ్ గారు అందుకున్నారు. "మేడం, మీ లెక్క తప్పని నేననడం లేదు. కానీ ఇప్పుడే ఎందుకు మార్చల్ల? ల్యాబ్ కట్టుకున్నాక మార్చుకుందాం. ఒక్క రెండేళ్ళు ఆగితే ఏమైపోతుంది?"

"రెండేళ్ళాగితే అంబర్‌పేట్ ఉండదు సార్" అన్నారు నర్సింహ సార్ మెల్లగా.

"నేను చెప్త" అంటూ ఎస్తేరు మేడం లేచారు. "రఘునాథ్ సార్, మీరు ల్యాబ్ కోసం ఎంత తిరిగిన్రో నాకు తెలుసు. మీకంటే ఎక్కువ నేనే కోరుకున్న. కానీ మన మిగులు అని మనమనుకున్నది మిగులు కాదు. అంబర్‌పేట్ పిల్లలు మన తరఫున కట్టిన పైసలు. అది తెల్వనప్పుడు వేరే సంగతి. తెలిసినంక గూడ ఆ పైసలతోని ల్యాబ్ కడితే, అండ్ల నేను పిల్లలకేం చెప్పాలె?"

"మీరు మా బడి హెడ్డు మేడం. మా పక్కన మాట్లాడల్ల కదా."

"మీ పక్కనే మాట్లాడుతున్న సార్. రేపు మీ బిడ్డ పెద్దగై అడిగితే, ఆ బడి మూసి ఈ ల్యాబ్ కట్టిన్రంట గదా అని, మనిద్దరిలో జవాబెవరు చెప్తరు?"

రఘునాథ్ గారు ఒప్పుకోలేదు. తల్లిదండ్రులిచ్చిన విరాళాల సంగతేమిటని నన్నడిగారు. అవి ఇయర్‌మార్క్‌డ్ డబ్బు అని చెప్పాను. అంటే ఫలానా పనికని ఇచ్చినదాన్ని ఆ పనికే వాడాలి, ఇంకెవరూ ముట్టడానికి వీల్లేదు. ల్యాబ్ కోసం అది అలాగే ఉంటుంది, మిగులు నుంచి రావాల్సిన భాగమే రాదు. చివరికి సుధాకర్ రావు గారు ఒక మధ్యే మార్గం చెప్పారు. క్యాంపస్ బడి తల్లిదండ్రుల సమావేశం పెట్టి అడగాలి. వాళ్ళు కాదంటే అంబర్‌పేట్‌ను తార్నాకలో కలుపుతారు.

అది మధ్యే మార్గమని నాకనిపించలేదు. తమ పిల్లల ల్యాబ్ ఆపుకోవడానికి ఏ తల్లిదండ్రులు చెయ్యెత్తుతారు? నర్సింహ సార్ కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం బడి హాల్లో సమావేశం పెట్టారు. బెంచీలు చాలక గోడల పక్కన నిలబడ్డారు. ప్రొఫెసర్లు కొద్దిమందే. హాస్టల్ మెస్సుల్లో వండేవాళ్ళు, డిపార్ట్‌మెంట్లలో అటెండర్లు, పరీక్షల విభాగం గుమస్తాలు, లాలాపేట్, మల్కాజ్‌గిరిల నుంచి పిల్లల్ని పంపే ఆటో డ్రైవర్లు ఎక్కువమంది. లెక్కలు వివరించమని నన్ను వేదిక మీదికి పిలుస్తారనుకున్నాను. మేడం పిలవలేదు. తనే మైకు పక్కన పెట్టి ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఒక బిల్డింగుల ఐదు పోర్షన్లున్నయనుకోండ్రి. నీళ్ళ ట్యాంకరు తెప్పిస్తే పైసలు ఐదుగురు సమానంగ కడుతున్నరు. ఒక పోర్షన్ల ఇద్దరే ముసలోళ్ళుంటరు. ఇంకో పోర్షన్ల పన్నెండు మంది. ముసలోళ్ళు ఇగ కట్టలేక ఇల్లు ఖాళీ చేస్తమంటున్నరు. ఆ పన్నెండు మంది ఉన్న పోర్షను మనది."

అద్దె ఇళ్ళలో ఉండే మనుషులకు ట్యాంకరు లెక్క ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

వెనక వరుసలోంచి ఒకావిడ లేచింది. పేరు సునీత, పరీక్షల విభాగంలో గుమస్తా. "మేడం, మీరు చెప్పేది న్యాయమే. కానీ మా బాబు ఆరో తరగతిల చేరినప్పటి సంది ల్యాబ్ వస్తదంటున్నరు. ఇప్పుడు పదిల ఉన్నడు. మరి వాడికి?"

ఏదో ఒక ఆశ పెట్టడం ఆ క్షణంలో తేలిక. "మీ బాబుకు రాదమ్మా" అన్నారు ఎస్తేరు మేడం. "వాడు పది అయిపోయేలోపల ఇక్కడ ల్యాబ్ రాదు. అబద్ధం చెప్పను. నేను చెయ్యగలిగింది ఒక్కటున్నది. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటోళ్ళను అడుగుత, శనివారాలు వాళ్ళ ల్యాబ్‌ల మన పదో తరగతి పిల్లలను రానియ్యమని. ఇంతకుముందొకసారి అడిగితే వద్దన్నరు. మళ్ళ అడుగుత. వాళ్ళు ఒప్పుకుంటే నేనే దగ్గరుండి తీస్కపోత. ఒప్పుకోకపోతే ఆ నష్టం మీ బాబుదే. అది నేను మీ అందరి ముంగట ఒప్పుకుంటున్న."

రఘునాథ్ గారు లేచారు. అంతా అయిపోయిందనుకున్నాను. ఆయన అన్నారు. "నాకిది ఇష్టం లేదు. నిజం చెప్తాండా. కానీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటుకు మేడం ఒక్కరే పోవాల్సిన పని లేదు, నేనూ వస్తా." చెయ్యెత్తి కూర్చున్నారు.

తర్వాత చేతులు లేచాయి. ముందు వరుసల్లో కొన్ని, ఆగి, మెస్సుల వాళ్ళు కూర్చున్న వైపు నుంచి చాలా. అందరూ ఎత్తలేదు. సునీత ఎత్తలేదు. లెక్కపెట్టాల్సిన అవసరం లేనంత స్పష్టంగా సగానికి పైగా లేచాయి.

జనం చెదిరిపోతుంటే నేను మేడం కోసం చూశాను. ఆవిడ వెనక వరుసలో సునీత పక్కన కూర్చుని ఉన్నారు. ఒప్పించడానికేమో అనుకున్నాను. దగ్గరకెళ్తే వినబడింది. బాబుకు ఏ పాఠం కష్టంగా ఉంది, ఇంట్లో చదువుకోవడానికి చోటుందా అని అడుగుతున్నారు. సునీత ముఖం తిప్పుకునే జవాబులు చెబుతోంది. అయినా మేడం లేచి రాలేదు.

తర్వాతి కమిటీ మీటింగులో వాటాల పద్ధతి మారింది. పిల్లల సంఖ్యను బట్టి వేస్తారు, ఏటా తిరిగి చూస్తారు, ఉమ్మడి సిబ్బంది ఏ రోజు ఏ బడిలో ఉంటారో టైంటేబుల్ అన్ని బడుల గోడల మీద పెడతారు. కలిపేసే ప్రతిపాదనను సుధాకర్ రావు గారు స్వయంగా వెనక్కి తీసుకున్నారు. "పరిశీలిస్తే గూడ అదే వస్తదన్న గదా మేడం. వేరే వచ్చింది" అన్నారు నాతో, కొంచెం సిగ్గుపడుతూ. అంబర్‌పేట్ బడి ఇప్పటికీ నడుస్తోంది. ఆకుకూరలమ్మే ఆవిడ కూతురు పది పాసై, ఇప్పుడు వాకర్ పట్టుకుని ఇంటర్ కాలేజీకి వెళ్తోంది.

కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు వాళ్ళు మూడు షరతులు పెట్టి శనివారాలకు ఒప్పుకున్నారు. ఆ ఏడాది చలికాలమంతా ఎస్తేరు మేడం పదో తరగతి పిల్లల్ని వరుసలో నడిపించుకుంటూ క్యాంపస్ రోడ్డు మీద వెళ్తుండటం చాలామంది చూశారు. క్యాంపస్ బడికి సొంత ల్యాబ్ రెండేళ్ళ తర్వాత వచ్చింది, అనుకున్నదానికన్నా చిన్నది. అప్పటికి మేడం రిటైరయ్యారు.

ఆవిడ పదవీ విరమణ రోజు నేనూ వెళ్ళాను. దండలు, ఉపన్యాసాలు అయ్యాక ఇద్దరం వరండాలో టీ తాగుతుంటే చాలారోజులుగా అడగాలనుకున్నది అడిగాను.

"ఆ రోజు నా నోట్ చదివినప్పుడు మీకేమనిపించింది మేడం?"

"కోపమొచ్చింది" అన్నారు.

"దేని మీద?"

"మీ మీదనే." నవ్వారు. "ఇన్నేండ్లు ఎవ్వరికి కనపడనిది ఈమెకు ఇప్పుడే కనపడాల్నా అనుకున్న. అందుకే పది రోజులు అడిగిన. కోపంల ఏమన్న రాస్తే దాన్నే పట్టుకొని కూసుంటనని భయమైంది. అంబర్‌పేట్ ఎందుకు పోయిననుకుంటున్నరు? ఆ బడి మూసినా ఏం కాదని నాకు నేను చెప్పుకోవడానికే పోయిన. అక్కడికి పోయినంక చెప్పుకోలేకపోయిన."

ఆ మాట విన్నాక ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది. పుట్టుకతోనే త్యాగబుద్ధి ఉన్న మనిషి ఖర్చులో తన వాటా పెంచుకుంటే అది ఆ మనిషి స్వభావం. కోపం వచ్చి, స్వార్థం పుట్టి, తన పక్షాన ఒక సాక్ష్యం దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ వెళ్ళి, దొరక్కపోతే ఆ సంగతి ఒప్పుకుని తిరిగొచ్చిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మా చదువులో ఇండిపెండెన్స్ అనే పాఠం మొదట్లోనే ఉంటుంది. ఆడిటరు ఎవరి ప్రభావానికీ లొంగకుండా చూడాలని దాని అర్థం. అది మా వైపు వాళ్ళకే వర్తిస్తుందని అనుకునేదాన్ని. లెక్క చెప్పాల్సినవాళ్ళు కూడా తమ లాభానికి లొంగకుండా చూడగలరని ఎస్తేరు మేడం వల్ల తెలిసింది. మేము ఎంత సరిగ్గా రాసినా అది కాగితమే. ఒక బడి నిలబడాలంటే, ఆ కాగితం వల్ల నష్టపోయే మనిషి దాన్ని నిజమని ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఏ బడుల లెక్కలు చూడటానికి వెళ్ళినా ముందు అన్నిటికన్నా చిన్న బడికి వెళ్ళి కూర్చుంటాను. ఉమ్మడి ఖర్చులో ఎవరెంత కడుతున్నారో చూసే ముందు, ఎవరికెంత అందుతోందో అక్కడి పిల్లల్ని అడుగుతాను. తర్వాత పెద్ద బడికి వెళ్తాను. అక్కడ ఎస్తేరు మేడం లాంటి మనిషి ఉంటారని మాత్రం ఆశపెట్టుకోను. అలాంటివాళ్ళు ప్రతిచోటా ఉంటారని లెక్కేసుకుంటే, ఆవిడ చేసిన పనిని తక్కువ చేసినట్టవుతుంది.